మెట్ట చేలో మట్టి కార్బన్ పెంచడం ఎలా: పొలం పటం గీయడం నుంచి ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలిచేదాకా

"సాయిల్ హెల్త్ కార్డులో ఆర్గానిక్ కార్బన్ 0.3 అని వచ్చింది, ఏం వేస్తే పెరుగుతుంది" అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు, కానీ ఏం వేయాలి అనేదానికన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఏడాదిలో ఎన్ని నెలలు మీ చేలో బతికున్న వేరు ఉంటోంది, ఎన్ని నెలలు నేల ఒట్టిగా ఎండుతోంది అని. నా దృష్టిలో అసలు విషయం అదే. ఎరువు ఆ తర్వాత వస్తుంది.

ఇది ముఖ్యంగా అనంతపురం, శ్రీ సత్యసాయి, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల వర్షం మీద బతికే ఎర్ర చెలకల కోసం రాస్తున్నా, వేరుశనగ, కంది, జొన్న, ఆముదం వేసేవాళ్ల కోసం. నల్లరేగడి, వరి మడి, తోటల సంగతి 9వ భాగంలో క్లుప్తంగా ఉంది.

1. ముందు అంకెలు అర్థం చేసుకోండి

కార్డులో ఓసీ (ఆర్గానిక్ కార్బన్) 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, 0.75 పైన ఎక్కువ అని రాస్తారు. దాన్ని 1.72తో గుణిస్తే సేంద్రియ పదార్థం వస్తుంది. రెండూ ఒకటే అనుకుని చాలామంది గందరగోళపడతారు, ఒకరి 0.5ని ఇంకొకరి 0.9తో పోల్చేముందు ఏది ఏదో చూసుకోండి.

శాతం ఒక్కటే చూస్తే చేలో ఎంత కార్బన్ ఉందో తెలీదు. దానికో చిన్న లెక్క ఉంది:

ఓసీ శాతం × మట్టి సాంద్రత (ఒక ఘన సెం.మీ. ఎండు మట్టి ఎన్ని గ్రాములో) × లోతు (సెంటీమీటర్లలో) = హెక్టారుకి టన్నులు

ఓసీ 0.3, సాంద్రత 1.5, లోతు 15 సెం.మీ. అయితే 0.3 × 1.5 × 15 = 6.75 టన్నులు. 2.47తో భాగిస్తే ఎకరాకి 2.7 టన్నులు చిల్లర. మీ చేను పైపొరలో దాచుకున్న ఆస్తి అంతే.

ఇప్పుడు ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నల్లరేగడి మీద 1976 నుంచి ఒక ప్రయోగం నడిపారు. ఒక వైపు పాత పద్ధతి, అంటే వానాకాలమంతా నేలని ఖాళీగా ఉంచి, పశువుల ఎరువు వేసి, రబీలో జొన్నో శనగో వేయడం. ఇంకో వైపు ఎత్తు మడులు, కాలువలు చేసి ఖరీఫ్ నుంచే కంది లాంటి పప్పుజాతిని కలిపి పంట ఉంచడం. 24 ఏళ్ల తర్వాత 1.2 మీటర్ల లోతు దాకా కొలిస్తే పాత పద్ధతిలో హెక్టారుకి 39.5 టన్నులు, కొత్తదాంట్లో 46.8 టన్నులు. తేడా 7.3 టన్నులు, ఏడాదికి సుమారు 300 కిలోలు.

ఎరువు వేసి కూడా వానాకాలం ఖాళీగా ఉన్న నేల వెనకబడింది, పంట కప్పిన నేల ముందుకెళ్లింది. దీన్ని మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఆ 300 కిలోలు మొత్తం మీ పై 15 సెం.మీ.లోనే చేరాయి అనుకున్నా కార్డులో పెరిగేది ఏడాదికి 0.013 మాత్రమే. ఐదేళ్లకి 0.30 కాస్తా 0.37 దగ్గరకి వస్తుంది. ఎవరైనా ఒక్క సీజన్‌లో 0.3ని 0.8 చేస్తాం అని డబ్బా అమ్ముతుంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

2. పొలాన్ని ముక్కలుగా విడదీయండి

ఒక కాగితం మీద మొత్తం పొలం గీయండి. ఒకే రకం మట్టి, ఒకే వాలు, ఒకే రకం వాడకం ఉన్న ప్రతి ముక్కకీ ఒక నంబర్. ఎగువన గరుసు నేల, దిగువన ఒండ్రు చేరిన నేల రెండూ ఒకే సర్వే నంబర్‌లో ఉన్నా సరే, వేర్వేరు ముక్కలే.

ప్రతి ముక్కకీ ఇవి రాయండి:

- గత పదేళ్లలో ఏ పంటలు, ఎప్పుడైనా బీడుగా ఉందా
- ఏడాదికి ఎన్నిసార్లు దున్నుతున్నారు, దేనితో
- కోత తర్వాత చొప్ప, కట్టె ఎక్కడికి పోతోంది
- ఎన్ని నెలలు పచ్చగా ఉంటుంది, ఎన్ని నెలలు ఒట్టిగా ఉంటుంది
- పశువులు, గొర్రెలు ఎప్పుడు తిరుగుతాయి
- చెరువు మట్టి తోలారా, ఏ ఏడు

ఈ చరిత్ర ఎందుకంటే, నేలలో ఇవాళ ఉన్న కార్బన్ ఇన్నేళ్ల వాడకం ఫలితం. 2002లో గో, గిఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రపంచంలో పలు చోట్ల కొలతలు కలిపి చూస్తే సహజమైన అడవిని కొట్టి సాగు చేసినచోట మట్టి కార్బన్ సగటున 42 శాతం, గడ్డి భూమిని దున్ని సాగు చేసినచోట 59 శాతం తగ్గింది. సాగు భూమిని గడ్డిగా వదిలితే 19 శాతం, మళ్లీ అడవిగా ఎదగనిస్తే 53 శాతం పెరిగింది. ఇవి ప్రపంచ సగటులు, మీ చేలో ఇలాగే ఉంటుందని కాదు, కానీ ఏ దిక్కుకి పోతుందో తెలుస్తుంది.

ఇందులో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. గడ్డి భూమిలో చెట్ల తోట పెడితే మట్టి కార్బన్ పెరగలేదు, సగటున 10 శాతం తగ్గింది. గడ్డి వేళ్లు ఏటా పుట్టి ఏటా చచ్చి నేలలోనే కలుస్తుంటాయి కాబట్టి. మంచి గడ్డి ఉన్న బీడు మీకుంటే దాన్ని దున్ని నీలగిరి పెట్టడం మట్టికి మేలు అనుకోకండి. ఆ ముక్క మీద "దున్నొద్దు" అని రాసి వదిలేయండి, అదే ఈ మొత్తం గైడ్‌లో అన్నిటికన్నా చవకైన పని.

3. శాంపిల్ సరిగ్గా తీయండి

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. టైమ్ ఏప్రిల్, మే. విత్తడానికి ముందు, ఎరువు వేయకముందు, దున్నకముందు. తర్వాత ఎప్పుడు తీసినా అదే నెలలో తీయాలి.

ఒక్కో ముక్కలో జిగ్‌జాగ్‌గా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల తీయండి. పైన ఉన్న చెత్త, ఆకులు చేత్తో పక్కకి తోయండి, మట్టి గీకకూడదు. పారతో వి ఆకారంలో 15 సెం.మీ. గుంత తీసి, గుంత అంచు నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో అంగుళం పొర తీసి బకెట్‌లో వేయండి. కుదిరితే అదే గుంతలో 15 నుంచి 30 సెం.మీ. పొర కూడా ఇంకో బకెట్‌లో విడిగా.

బకెట్‌లో మట్టిని గోనె మీద పోసి బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేస్తూ పోవాలి. నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో పోసి, ముక్క నంబర్, లోతు, తేదీ రాసిన చీటీ లోపలొకటి బయటొకటి పెట్టండి.

తీయకూడని చోట్లు:

- గట్టు దగ్గర, చెట్టు కింద, బాట పక్కన
- పెంటదిబ్బ ఉన్న చోటు, గొర్రెల మంద పడుకున్న చోటు
- నీళ్లు నిలిచే పల్లం
- పోయినేడు చొప్ప కాల్చిన మచ్చ

తీసిన చోట్లని ఫోన్‌లో లొకేషన్ పిన్ చేసి పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఆ చుట్టుపక్కలే తీయాలి.

ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు "ఆర్గానిక్ కార్బన్" అని స్పష్టంగా అడగండి. మన ల్యాబుల్లో మామూలుగా వాక్లీ-బ్లాక్ అనే రసాయన పద్ధతి వాడతారు, అది సేంద్రియ కార్బన్‌లో మూడొంతులకి కొంచెం పైన పట్టుకుంటుంది, మిగతాది గుణకంతో సరిచేస్తారు. మట్టిని మండించి కొలిచే మెషిన్ అయితే మొత్తం కార్బన్ చూపిస్తుంది, సున్నం కంకర ఉన్న నేలల్లో ఆ సున్నంలో ఉన్న కార్బన్ కూడా కలిసిపోయి అంకె అమాంతం పెద్దగా వస్తుంది. ఈసారి ఒక పద్ధతి, వచ్చేసారి ఇంకో పద్ధతి అయితే పోల్చడానికి పనికిరాదు.

4. సాంద్రత ఇంట్లోనే కొలవండి

కార్డులో ఇది ఉండదు, ఇది లేకుండా టన్నుల లెక్క రాదు. లోపలి వ్యాసం 7.5 సెం.మీ. ఉన్న ఇనప పైపుని 10 సెం.మీ. పొడవు కోయించి ఒక అంచు పదును పెట్టించుకోండి. దాని ఘనపరిమాణం 3.14 × 3.75 × 3.75 × 10, అంటే దాదాపు 442 ఘన సెం.మీ.

నేల కొంచెం తడిగా ఉన్నప్పుడు పైన రెండు మూడు సెం.మీ. మట్టి తీసి, పైపు మీద చెక్క పెట్టి సుత్తితో మెల్లగా నిలువుగా దించండి. చుట్టూ తవ్వి పైపుతో సహా తీసి, రెండు అంచుల దగ్గర కత్తితో సమంగా కోసి, లోపలి మట్టి మొత్తం కవర్లో వేయండి. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా ఉండేదాకా ఎండబెట్టాలి. ఓవెన్ లేకపోతే పలచగా పరిచి మంచి ఎండలో బాగా ఎండనివ్వండి, ఎర్ర దుబ్బ నేలల్లో కొద్దిపాటి తేడానే ఉంటుంది.

663 గ్రాములు వచ్చిందనుకోండి, 663 ÷ 442 = 1.5. ముక్కకి కనీసం మూడు నాలుగు చోట్ల తీసి సగటు తీసుకోండి.

గరుసు నేలల్లో ఇంకో పని ఉంది. ల్యాబ్ వాళ్లు 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి సన్నమట్టిలోనే ఓసీ చూస్తారు, రాళ్లలో కార్బన్ లేదు. కాబట్టి మీ పైపు మట్టిని కూడా జల్లెడ పట్టి రాళ్లు ఎంత శాతం బరువో చూసి, వచ్చిన టన్నుల్లోంచి ఆ శాతం తీసేయండి. నూటికి ముప్పై వంతులు గరుసు ఉన్న చేలో ఇది చేయకపోతే లెక్క మొత్తం అబద్ధమే.

5. ముందు కారడం ఆపండి

కొత్తగా చేర్చడం కన్నా ఉన్నది పోకుండా చూడటం తొందరగా ఫలితం ఇస్తుంది. పోయే దారులు నాలుగు, ఈ వరసలోనే పని చేయండి.

మొదటిది మట్టి కోత. ఎర్రనేల మీద పెద్ద వాన పడితే ఎర్రగా పారే నీళ్లలో పోయేది పైపొర మట్టి, కార్బన్ ఎక్కువ ఉండేది దాంట్లోనే. దున్నడం, విత్తడం వాలుకి అడ్డంగా చేయండి. విత్తాక ప్రతి కొన్ని సాళ్లకి ఒక లోతైన సాలు తీయండి, గట్లు తెగినచోట వానలకి ముందే పూడ్చండి. నీళ్లు బయటకి పోయే చోట రాళ్లు పేర్చి గడ్డి పెంచండి.

రెండోది దుక్కి. దున్నినప్పుడల్లా మట్టి గడ్డల లోపల దాక్కున్న సేంద్రియ పదార్థం బయటపడుతుంది. ఎండిన నేల మీద తొలి వాన పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి దొరికింది దొరికినట్టు తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. అప్పుడు చేలో వేరు ఉంటే ఆ విడుదలైన నత్రజనిని పట్టుకుని కొత్త ఆకు, కొత్త వేరు చేస్తుంది, లేకపోతే రెండూ పోతాయి. అందుకే రోటవేటర్ పదే పదే తిప్పి పిండి చేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అసలు దున్నకుండా ఉండమనను, ఎర్రనేల పైన గట్టి పెచ్చు కడుతుంది, వాన ఇంకాలంటే కొంత దుక్కి కావాల్సిందే, పైగా పురుగుల కోసం వేసవి దుక్కి చేయమని ఆఫీసర్లు కూడా చెబుతారు. ఉన్న నాలుగైదు దుక్కుల్లో రెండు తగ్గించండి, రోటవేటర్ బదులు గొర్రు, గుంటక వాడండి.

మూడోది నిప్పు. చొప్ప, గట్ల మీద గడ్డి కాల్చొద్దు. పైన ఉన్న కార్బన్ నిమిషాల్లో గాల్లోకి పోతుంది, నత్రజని, గంధకం కూడా దాంతోపాటే.

నాలుగోది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, వేరుశనగ పీకడం. కాయతో, కట్టెతో, వేరుతో సహా చెట్టు మొత్తం చేలోంచి బయటకి పోతుంది. కట్టె పశువులకి మేత, అది వదలమని చెప్పలేం, రాయలసీమలో వేరుశనగ కట్టె విలువ ఏంటో అందరికీ తెలుసు. కానీ ఏటా వేరుశనగ ఒక్కటే వేస్తే నేలకి మిగిలేది రాలిన ఆకు, తెగిన సన్న వేళ్లు అంతే. దీనికి విరుగుడు తర్వాతి భాగంలో ఉంది.

6. నేలని ఎక్కువ నెలలు కప్పి ఉంచే క్యాలెండర్

వేళ్ల నుంచి వచ్చే కార్బన్ పైన వేసిన ఆకుల కార్బన్ కన్నా నేలలో ఎక్కువ కాలం నిలుస్తుంది, అది మట్టి రేణువుల మధ్యలోనే పుడుతుంది కాబట్టి. అనంతపురం వైపు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర, అందులోనే ఇది సర్దాలి.

ఏప్రిల్ ఆఖరు, మే: వానలకి ముందే పొడి నేలలో విత్తే పద్ధతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ వాళ్లు ప్రకృతి వ్యవసాయంలో దీన్ని పీఎండీఎస్ అంటారు, ఊళ్లో నవధాన్యాలు చల్లడం అంటే అందరికీ అర్థమవుతుంది. జొన్న, సజ్జ, కొర్ర, ఉలవ, అలసంద, పెసర, జనుము, నువ్వు, ఆముదం, ఇంకా దొరికినవి కలిపి ఎకరాకి 10 నుంచి 12 కిలోలు. విత్తనాలకి బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన ద్రావణం), మెత్తటి బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి ఎండబెట్టింది) పొరలుగా పట్టించి గుళికలా చేస్తే చీమలు, పిట్టలు తక్కువ తింటాయి, కొద్దిపాటి చినుకుకే మొలిచి ఎండిపోవడం కూడా తగ్గుతుంది. గొర్రుతో ఒక్కసారి విత్తి పైన దొరికినంత చెత్త కప్పండి.

జూన్ ఆఖరు, జూలై: ప్రధాన పంటకి రెండు వారాల ముందు ఈ పచ్చదనాన్ని కోసేయాలి. కొంత మేతకి తీసుకుని మిగతాది నేల మీద పరచండి. ఇక్కడ వాన చూసి నిర్ణయం తీసుకోండి. జూన్‌లో వాన సరిగ్గా పడకపోతే ఇంకా ముందే కోసేయండి, లేకపోతే అది తాగిన తేమ వేరుశనగకి లేకుండా పోతుంది.

జూలై: వేరుశనగ ఒక్కటే వేయకుండా ప్రతి ఏడు సాళ్లకి ఒక సాలు కంది. ఇదే ఇందాక చెప్పిన విరుగుడు. అక్టోబర్, నవంబర్‌లో వేరుశనగ పీకేశాక కంది ఒక్కటే జనవరి దాకా నిలబడుతుంది, దాని వేరు లోతుగా దిగి వేరుశనగకి అందని తేమ తీసుకుంటుంది, ఆకు రాల్చి నేల కప్పుతుంది. ఆముదం కూడా ఇలాంటిదే.

ఆగస్టు, సెప్టెంబర్: వానలు ఆలస్యమై ప్రధాన పంట తప్పిపోతే చేను ఖాళీగా వదలొద్దు. ఉలవ చల్లండి. పంట చేతికి రాకపోయినా నేల కప్పి ఉంటుంది, మేత వస్తుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: ఈ మూడు నెలలు పచ్చగా ఉంచడం మన దగ్గర కష్టమే, బలవంతం చేయొద్దు. కంది మోళ్లు, జొన్న కొయ్యకాళ్లు పీకకుండా, దున్నకుండా అలాగే ఉంచండి. జొన్న కోసేటప్పుడు నేలకి అడుగు ఎత్తులో కోస్తే పై చొప్ప పశువులకి, కింది మోడు నేలకి.

ఇలా చేస్తే నాలుగు నెలల పచ్చదనం ఎనిమిది, తొమ్మిది నెలలు అవుతుంది. అన్ని ఎకరాల్లో ఒకేసారి మొదలుపెట్టకండి, ఒక ముక్కలో చేసి చూడండి, పక్క ముక్కని పాత పద్ధతిలోనే ఉంచండి, పోల్చడానికి పనికొస్తుంది.

7. బయట నుంచి వేసేది: ఎంత, దేనితో కలిపి

పశువుల ఎరువు ఎకరాకి 4 టన్నులు వేశారనుకోండి. సగం నీళ్లు, మిగిలిన 2 టన్నుల్లో బాగున్న ఎరువైతే పావు వంతు కార్బన్, అంటే 500 కిలోలు. ఏడాది రెండేళ్లకి అందులో ఐదో వంతు, ఇంకా తక్కువే నేలలో నిలుస్తుంది, వంద కిలోల లోపు. మిగతాది సూక్ష్మజీవుల తిండి. అది వృథా కాదు, పంటకి పోషకాలు దాంట్లోంచే వస్తాయి, కానీ కార్బన్ లెక్కలో మాత్రం చిన్నదే.

ఇంకో సంగతి కూడా. పక్క ఊరి నుంచి తెచ్చిన ఎరువుతో మీ చేలో కార్బన్ పెరిగితే ఆ ఊరి చేలో అంత తగ్గినట్టే. మీ పంటకి అది మంచిదే, వాతావరణానికి మేలు చేశామనుకోవడం మాత్రం సరికాదు.

నేలలో నిలిచే సేంద్రియ పదార్థంలో 12 పాళ్ల కార్బన్‌కి దాదాపు ఒక పాలు నత్రజని ఉంటుంది. 300 కిలోల కార్బన్ నిలవాలంటే 25 కిలోల నత్రజని కూడా దాంతో కట్టుబడాలి. ఒట్టి వరిగడ్డి, పత్తి కట్టె లాంటివి వేస్తే నత్రజని చాలక పంట పసుపు రంగుకి తిరుగుతుంది, కార్బన్ కూడా నిలవదు. కాబట్టి ఎండుది ఎప్పుడూ పచ్చిదానితో కలిపి వేయాలి. చొప్పకి జనుము, గడ్డికి గిరిపుష్పం (గ్లిరిసిడియా) ఆకు.

జనుము, జీలుగ, పిల్లిపెసర పూత దశలో కలియదున్నండి. ముదిరితే కాడ గట్టిపడి కుళ్లడానికి నెలలు పడుతుంది.

గొర్రెల మంద కట్టించడం మెట్ట చేలకి చాలా మంచి పని, పెంట తోలే ఖర్చు లేదు, మూత్రం కూడా నేలలోనే. కాకపోతే మంద లేచిన వారంలోపే గుంటక తోలి పైపైన కలిపేయండి, ఎండకి నత్రజని ఎగిరిపోతుంది.

చెరువు పూడిక మట్టి గురించి. ఎర్ర దుబ్బ నేలల్లో కార్బన్ నిలవకపోవడానికి అసలు కారణం బంకమట్టి తక్కువ కావడం, ఎందుకంటే సేంద్రియ పదార్థం సన్నటి బంక రేణువులకి అంటుకుని తప్పించుకుంటుంది. చెరువు మట్టి ఆ బంకని తెస్తుంది, తేమ కూడా నిలుపుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టిని చేలకి తోలుకునే వీలు కల్పించారు, అది సరైన ఆలోచన. తోలేముందు ఆ మట్టిని కూడా టెస్ట్ చేయించండి, పీహెచ్ (క్షారం), ఈసీ (ఉప్పు) ఎక్కువుంటే, చౌడు ఉంటే వద్దు. మీ చేను నల్లరేగడి అయితే దీని అవసరం లేదు.

8. గట్ల మీద చెట్లు

గట్టు మీద గిరిపుష్పం చాలా పనికొస్తుంది, హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా వాళ్లు మెట్ట భూములకి ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. ఎండు ఆకులో రెండున్నర నుంచి మూడు శాతం దాకా నత్రజని ఉంటుంది.

- వానలు స్థిరపడ్డాక నాటండి, నారు మొక్కలైతే వేరు లోతుగా పోతుంది, కరువుని తట్టుకుంటుంది
- గట్టు మీద అర మీటరు నుంచి మీటరు దూరం
- మొదటి ఏడు కోయొద్దు, రెండో ఏడు నుంచి మీటరు లోపు ఎత్తులో ఏడాదికి రెండు మూడుసార్లు కొట్టండి
- మొదటి కొట్టుడు విత్తడానికి ముందు, ఆకు, లేత కొమ్మ చేలో పరచాలి
- లావు కొమ్మలు వంటచెరుకుకి వాడుకోండి

చేను మధ్యలో అక్కడక్కడా వేప, కానుగ, చింత ఉంటే కొట్టకండి. చెట్టు నీడకి రెండు సాళ్లు పంట తగ్గొచ్చు, కానీ దాని కింద మట్టి ఒక పిడికెడు తీసి చేను మట్టితో పక్కపక్కన పెట్టి చూడండి, రంగులోనే తేడా కనిపిస్తుంది.

9. వేరే నేలలైతే

నల్లరేగడి: బంక ఎక్కువ, కార్బన్ దాచుకునే శక్తి ఎక్కువ. పెద్ద నష్టం ఖరీఫ్‌లో ఖాళీగా ఉంచడం. నీళ్లు నిలుస్తాయని భయమైతే ఎత్తు మడులు చేసి పెసరో సోయానో వేయండి. పత్తి కట్టెని కాల్చకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి కలపండి, గులాబీ పురుగు ఉన్న చేలో అయితే పంట అయిపోయిన వెంటనే చేయాలి, కట్టె నిలబెట్టి ఉంచకూడదు.

వరి మడి: నీళ్లలో గాలి అందక సేంద్రియ పదార్థం మెల్లగా కుళ్లుతుంది, కాబట్టి కార్బన్ బాగానే నిలుస్తుంది, కానీ మీథేన్ కూడా వస్తుంది. మిషన్ కోత తర్వాత గడ్డి కాల్చకుండా కొంత బేలర్‌తో కట్టించి, మిగతాది నీళ్లు పెట్టడానికి చాలా ముందే కలియదున్నండి. పచ్చి గడ్డి కలిపి వెంటనే నీళ్లు కడితే మీథేన్ పెరుగుతుంది.

మామిడి, బత్తాయి తోటలు: చెట్ల మధ్య దున్ని దున్ని శుభ్రంగా ఉంచడం మానేయండి. గడ్డిని పెరగనిచ్చి కోసి పాదుల్లో వేయండి.

పోడు: అల్లూరి జిల్లా వైపు కొండవాలుల్లో ఏటా దున్నే పంట కన్నా నీడ చెట్ల కింద కాఫీ, మిరియం మట్టిని బాగా కాపాడతాయి. ఉన్న అడవి చెట్లని తీసి పెట్టకూడదు, వాటి కిందే పెట్టాలి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

విత్తాక చెత్త మొత్తం చెదలు తినేశాయి: మెట్టలో ఇది మామూలే. చెదలు తిన్నదాంట్లో కొంత నేలలోకే పోతుంది, కంగారు పడొద్దు. కానీ కప్పు కావాలంటే ఒకేసారి మందంగా కాకుండా రెండు మూడు దఫాలుగా పరచండి.

నవధాన్యాలు మొలిచి ఎండిపోయాయి: వాన మధ్యలో ఆగింది. విత్తనం సగం దాచుకుని రెండో జల్లు తర్వాత మళ్లీ చల్లండి. తడి కోసం బోరు నీళ్లు పెట్టడం దండగ.

ఊరి పశువులు పడి తినేశాయి: ఒక్కరి చేను పచ్చగా ఉంటే ఇది తప్పదు. పక్కపక్క చేల వాళ్లు నలుగురైదుగురు కలిసి మొదలుపెట్టండి, మేత కోసం ఒక ముక్క ముందే వదిలేయండి.

పంట పసుపు రంగుకి తిరిగింది: ఎండు చెత్త ఎక్కువ కలిసింది. పైపాటుగా నత్రజని ఇవ్వండి, వచ్చే ఏడు ఎండుదాన్ని దున్నకుండా పైన మాత్రమే పరచండి.

బయోచార్ (కట్టె, చెత్తని గాలి తక్కువగా ఉంచి కాల్చి చేసిన బొగ్గు) వేస్తే అంకె ఎగిరింది: బొగ్గు కార్బన్ చాలాకాలం ఉండేదే, కానీ పరీక్షలో అది ఎంత పడుతుందో పద్ధతిని బట్టి మారిపోతుంది. వేసిన ముక్కని విడిగా రాసుకోండి, మిగతా ముక్కలతో పోల్చకండి.

11. మళ్లీ కొలవడం, అంకె చదవడం

ఏటా టెస్ట్ చేయించి నిరాశపడొద్దు. ఏడాదిలో వచ్చే తేడా కన్నా శాంపిల్ తీయడంలో, ల్యాబ్‌లో వచ్చే తేడానే పెద్దది. ఓసీ కోసం మూడో ఏడు ఒకసారి, ఐదో ఏడు ఒకసారి చాలు.

మధ్యలో చూడాల్సినవి ఇవి:

- పెద్ద వాన తర్వాత చేలోంచి పోయే నీళ్లు ఎరుపు తగ్గాయా
- మట్టి గడ్డని గ్లాసు నీళ్లలో వేస్తే వెంటనే విడిపోతోందా, కాసేపు నిలబడుతోందా
- చినుకు ఆగిన పది రోజులకి మొక్క వాడటం పక్క చేను కన్నా ఆలస్యం అవుతోందా
- వానపాములు, వాటి మట్టి ఉండలు కనిపిస్తున్నాయా

ఐదో ఏడు అదే నెల, అదే లోతు, అదే ల్యాబ్, అదే పద్ధతి. సాంద్రత కూడా మళ్లీ కొలవాలి. మట్టి గుల్లబారి 1.5 కాస్తా 1.4 అయితే, 0.37 × 1.4 × 15 = 7.8 టన్నులు, పాత సాంద్రతతో వేస్తే 8.3 వస్తుంది. ఈ 15 సెం.మీ. పొరలో ఆ అర టన్ను లేదు. పాత పద్ధతిలో వదిలిన ముక్కని కూడా కొలవండి, అక్కడ కూడా 0.05 పెరిగి ఉంటే అది మీ పని వల్ల కాదు, ల్యాబ్ వల్లో వానల వల్లో.

ఈమధ్య కార్బన్ క్రెడిట్ (నేలలో నిలిపిన కార్బన్‌ని లెక్కగట్టి అమ్మడం) అని ఊళ్లలోకి ఏజెంట్లు వస్తున్నారు కదా, సంతకం పెట్టేముందు కనీసం ఇవి అడగండి: మొదటి కొలత ఎవరు, ఏ లోతు దాకా తీస్తారు (30 సెం.మీ. కన్నా తక్కువైతే ఎందుకో చెప్పాలి), ఎన్నేళ్లు ఆ పద్ధతి వదలకూడదు, మధ్యలో దున్నితే, భూమి అమ్మితే డబ్బు తిరిగి కట్టాలా, కౌలు రైతు చేస్తుంటే వాటా ఎవరిది, అమ్మిన ధరలో మీకొచ్చేది ఎంత శాతం. ఒప్పందం తెలుగులో ఇమ్మనండి, ఇవ్వకపోతే సంతకం పెట్టొద్దు. మొదటి కొలతకి ముందే మీరు సొంతంగా తీయించుకున్న రిపోర్టు, పొలం పటం, లొకేషన్ పిన్లు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి ఉంచుకోండి, మాట తేడా వచ్చినరోజు చూపించడానికి మీ చేతిలో అవి ఉండాలి.